ఆ రెండేళ్ల కొలతల పుస్తకం

సంపాదకులకు నమస్కారం.

కరోనా లాక్‌డౌన్ మొదలై ఐదేళ్లయిందని మీ పత్రికలో వేసిన అంకెలు చదివాను. ఎన్ని కేసులు, ఎంతమంది పోయారు, అన్నీ ఉన్నాయి. చదివాక ఊరుకోలేక బీరువా మీద నుంచి నా కొలతల పుస్తకాలు దించాను. తెనాలిలో ఇరవై ఆరేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు, పిల్లల యూనిఫాంలు కుడుతున్నాను. ఆ రెండేళ్లు మా వీధి ఎలా గడిచిందో ఆ పుస్తకాల్లో ఉంది.

2020 మార్చి 25 బుధవారం, శార్వరి నామ ఉగాది. పండక్కి ఇస్తానని ఒప్పుకున్న జాకెట్లు పదకొండు. ఆదివారం జనతా కర్ఫ్యూ అన్నారు, మంగళవారం రాత్రి ఇరవై ఒక్క రోజులు ఇల్లు కదలొద్దన్నారు. హుక్సు కూడా కుట్టేసి మడతపెట్టాను, తీసుకెళ్లేవాళ్లే లేరు. పండగ పూట మిషను ముట్టను, పుస్తకమూ తెరవను. ఆ రోజు మాత్రం రాసుకున్నాను: ‘పదకొండూ ఇక్కడే ఉన్నాయి. పక్కింటావిడ వేపపువ్వు గోడ మీద పెట్టి, పిలిచి, లోపలికి వెళ్లిపోయింది.’

ఆ తర్వాత పేజీల నిండా గీతలే. మనిషికి మూడు మాస్కులు పంచుతామని ప్రభుత్వం చెబితే మా డ్వాక్రా వాళ్లం కుట్టాం. మాస్కుల లెక్కకు నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. వీధిలో వాళ్లకు విడిగా కుట్టినవాటికి ఎలాస్టిక్ దొరక్క లంగా నాడాలే పెట్టాను.

ఏటా జూన్‌లో అర్ధరాత్రి దాకా మిషను ఆడుతుంది. ఆ జూన్ పేజీ తెల్లగా ఉంది. మూడో ఇంటి పాపకి 2020 ఫిబ్రవరిలో గౌను పొడవు 26 అంగుళాలు. మళ్లీ టేపు పెట్టింది 2021 ఆగస్టులో, బడులు తెరిచినప్పుడు. 29. నడుమ ఒక కొలత ఉండాల్సింది. ఒకే వీధిలో ఉండి కూడా ఆ పిల్ల ఎదగడం నేను చూడలేదు.

ఇంకో పేజీ ఉంది. 2021 ఏప్రిల్. ఆకుపచ్చ గుడ్డ, మెరూన్ అంచు, చేతులు మోచేతి దాకా, ‘22 గురువారం ఇవ్వాలి’ అని రాశాను. ఆ గుడ్డ ఇచ్చినావిడ ఇరవై ఏళ్లుగా నా దగ్గరే కుట్టించుకునేది. ఆదివారం దాకా చూసి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మే నెలలో పన్నెండు గంటలకే అన్నీ కట్టేయాలని కర్ఫ్యూ పెట్టిన వారంలో తెలిసింది, ఇక లేదని. చూడ్డానికి కూడా వెళ్లలేకపోయాం. మరుసటేడు వాళ్లమ్మాయి వచ్చింది. కొత్త జాకెట్టూ, ఆదికిచ్చిన పాత జాకెట్టూ చేతికిచ్చాను. డబ్బులిస్తానంటే వద్దన్నాను. అమ్మ కొలతలున్న పేజీ చూపించమని అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

మా అమ్మమ్మ పుట్టింది 1918లో. ఆ ఏడు ఇన్‌ఫ్లుయెంజాకి వాళ్లింట్లో ఇద్దరు పోయారట. వాళ్ల పేర్లు ఆవిడకే తెలియవు. దేశంలో కోటి మందికి పైగా పోయారని, 1911 నుంచి 1921 దాకా ఆ పదేళ్లలో జనాభా పెరగకపోగా తగ్గిందని మా అబ్బాయి చదివి చెప్పాడు. ఆ అంకె మిగిలింది. మా ఇంట్లో పోయిన ఇద్దరి గురించి చిన్న చీటీ కూడా లేదు.

అందుకే ఈ ఉత్తరం. పాల లెక్కలు రాసిన క్యాలెండర్లు, కిరాణా పద్దులు, పిల్లలు ఆన్‌లైన్ పాఠాలు రాసుకున్న నోట్సులు పాత పేపర్లతో తూకానికి వేయకండి. ప్రతి ఊరి గ్రంథాలయంలో వీటికోసం ఒక బీరువా కేటాయించమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. పెడితే నా పుస్తకాలు నేనే తెచ్చి ఇస్తాను. 2021 ఏప్రిల్ పేజీ మాత్రం ముందు ఆ అమ్మాయిని అడిగి ఇవ్వాలి.

— ఒక కుట్టుపని మహిళ, తెనాలి
(పేరు ప్రచురించవద్దని మనవి)