ఎర్ర అట్ట పుస్తకంలో మీ పిల్లలు ఏమి రాస్తున్నారు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన గ్రంథాలయంలో నిఘంటువుల పక్కన ఎర్ర అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు శనివారం చివరి రెండు పీరియడ్లలో ఆడిన బోర్డు ఆటల మీద అందులో సమీక్షలు రాస్తారు. ఆట ఎలా ఉంది, ఎవరికి నచ్చుతుంది, ఎక్కడ విసుగు పుట్టిస్తుంది, నియమాలు చదివితే అర్థమవుతున్నాయా లేదా అన్నవన్నీ. గత నెల సమావేశంలో ఒక తండ్రి లేచి, "ఆడుకుంటే ఆడుకున్నారు, దాని మీద మళ్ళీ రాయించడం ఎందుకండీ?" అని అడిగారు. ఆ రోజు సమయం చాలక రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. ఆయనకు సరైన జవాబు బాకీ పడ్డాను. ఈ నెల లేఖ అందుకోసమే.

ముందుగా మేము చేసిన పొరపాటు చెప్పాలి. జూన్‌లో ఈ పని మొదలుపెట్టినప్పుడు ప్రతి ఆటకూ పదికి మార్కులు వేయమన్నాం. నెల గడిచాక పుస్తకం తిరగేస్తే, ఒకే రోజు ఒకే ఆటకు ఒకరు తొమ్మిది వేశారు, మరొకరు రెండు వేశారు. తొమ్మిది వేసిన అమ్మాయి గెలిచింది, రెండు వేసిన అబ్బాయి ఓడాడు. దాదాపు ప్రతి పేజీలోనూ ఇదే తంతు. పిల్లలు కొలిచింది ఆటను కాదని, ఆ మధ్యాహ్నం తమకు కలిగిన సంతోషాన్నీ ఉక్రోషాన్నీ అని అప్పుడు అర్థమైంది. అంకె అడిగింది మేమే కాబట్టి వాళ్ళను తప్పుపట్టలేదు. మార్కులు తీసేసి రెండు షరతులు పెట్టాం. సమీక్ష రాసేముందు ఆ ఆటను కనీసం మూడుసార్లు ఆడాలి. మూడింటిలో ఒక్కసారైనా ఓడి ఉండాలి.

రెండో షరతు పెట్టిన తర్వాతే ఈ పుస్తకం చదవదగ్గ పుస్తకమైంది.

ఏడో తరగతి అబ్బాయి 'కటాన్' మీద రాసిన పేజీ గురించి చెబుతాను. ఈ ఆటను రూపొందించినవారు క్లాస్ టాయిబర్ అనే జర్మన్. కట్టుడు పళ్ళు తయారుచేసే వృత్తిలో ఉంటూ ఇంటి దగ్గర ఆటలు తయారుచేసేవారు. 1995లో ఇది వెలువడింది. 19 షడ్భుజాల పలకలతో ఒక దీవిని పేర్చుతారు. ఎడారి పలక తప్ప మిగిలిన ఒక్కో పలక మీద ఒక అంకె ఉంటుంది. రెండు పాచికలు వేస్తే వచ్చిన మొత్తాన్ని బట్టి, ఆ అంకె ఉన్న పలక పక్కన ఊరు కట్టుకున్నవారికి కలపో, ఇటుకో, గోధుమో దక్కుతుంది. తమ దగ్గర లేనివి పక్కవారితో బేరమాడి తెచ్చుకోవాలి. మన అబ్బాయి మూడుసార్లూ ఓడిపోయాడు. చివరికి ఇలా రాశాడు: "నేను రెండు, పన్నెండు అంకెల పక్కన ఊళ్ళు కట్టుకున్నాను. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో రెండు ఒక్కసారే వస్తుంది, ఆరు ఐదుసార్లు వస్తుంది. ఇది చూసుకోకపోవడం నా తప్పు. కానీ మొదట్లో తప్పు చేసినవాడు ఆట అయ్యేదాకా గంటసేపు ఊరికే కూర్చోవాలి. ఇది ఆట తప్పు."

ఈ నాలుగు మాటలు నేను చాలాసార్లు చదువుకున్నాను. పన్నెండేళ్ళ పిల్లవాడు ఓడిన బాధలో ఉండి కూడా తన తప్పు ఇది, ఆట తప్పు ఇది అని విడదీసి చూపాడు. రేపు పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు ప్రశ్నపత్రం కష్టంగా వచ్చిందా, తాను చదవలేదా అని ఇలాగే విడదీసి చూసుకోగలిగితే అతనికి ఎంత మేలో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆటలను ఇంత శ్రద్ధగా పరిశీలించే అలవాటు జర్మనీలో బాగా పాతుకుపోయింది. అక్కడ 'ష్పీల్ డెస్ యారెస్', అంటే 'సంవత్సరపు ఆట' అనే పురస్కారం ఉంది. 1979 నుంచి ఇస్తున్నారు. ఎంపిక చేసేవారు ఆటల విమర్శకులు. గెలిచినవారికి నగదు బహుమతి ఉండదు. అయినా ఆ ముద్ర పెట్టె మీద పడితే అక్కడి కుటుంబాలు నమ్మి కొంటాయి. వాళ్ళు చూసే అంశాలనే మేమూ తీసుకున్నాం: ఆలోచన కొత్తగా ఉందా, నియమాలు స్పష్టంగా ఉన్నాయా, బోర్డూ పెట్టే చూడటానికి పొందికగా ఉన్నాయా, కాయలూ కార్డులూ గట్టిగా పనికి వచ్చేలా ఉన్నాయా. మొదటి ఏడాది ఆ పురస్కారం పొందిన ఆట డేవిడ్ పార్లెట్ అనే బ్రిటిష్ రచయిత రూపొందించిన 'కుందేలు, తాబేలు'. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థిని ఒకరు దాన్ని బడికి బహుమతిగా ఇచ్చారు. పరుగుపందెమే, కానీ ముందుకు కదలడానికి పాచికలు వేయరు. క్యారెట్లు చెల్లించి నడుస్తారు. ఒక గడికి 1, రెండు గడులకు 3, మూడింటికి 6, నాలుగింటికి 10. ఒక్కసారే పది గడులు పరుగెత్తాలంటే 55 కావాలి. 1, 1+2, 1+2+3 ఇలా పెరిగే త్రిభుజ సంఖ్యల పాఠం చెప్పడానికి మా లెక్కల మాస్టారు ఇప్పుడు ఈ పెట్టెనే తరగతికి తీసుకువెళుతున్నారు.

సమీక్షలో మొదటి వరుస "ఈ ఆట రచయిత ఎవరు" అన్నది. పిల్లలకు ఇది వింతగా అనిపించింది. ఆటకు రచయిత ఉంటారా అని అడిగారు. మోనోపలీ సంగతి చెప్పాను. మన ఇళ్ళలో బిజినెస్ అని ఆడుకునే ఆటకు మూలం అదే. దానికీ మూలమైన ఆటకు అమెరికాలో లిజ్జీ మేగీ అనే మహిళ 1904లో పేటెంట్ పొందారు. భూమి కొద్దిమంది చేతిలో పోగుపడితే మిగిలినవారు ఎలా చితికిపోతారో చూపించడం ఆమె ఉద్దేశం. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ ఆమెకు 500 డాలర్లు ఇచ్చి హక్కులు తీసుకుంది. తర్వాత దశాబ్దాల పాటు ఆ ఆట సృష్టికర్తగా ప్రచారమైన పేరు మాత్రం, మోనోపలీని ఆ సంస్థకు అమ్మిన చార్లెస్ డారోది. ఇది విన్నాక పిల్లలు పెట్టె మీద పేరు వెతకడం మానలేదు. 1988లో జర్మనీలో కొందరు ఆటల రచయితలు, పెట్టె మీద తమ పేరు వేయని ప్రచురణకర్తకు ఆట ఇవ్వబోమని గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద రాసి సంతకాలు చేశారని చెబితే చప్పట్లు కొట్టారు. అష్టాచెమ్మా మీద రాసిన ఆరో తరగతి అమ్మాయి ఆ వరుసలో ఇలా నింపింది: "రచయిత తెలియదు. నేర్పింది మా నాయనమ్మ."

అష్టాచెమ్మా దగ్గరే మేము అన్నిటికంటే ఎక్కువ కాలం ఆగిపోయాం. నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా అన్నంతవరకే అందరికీ ఏకాభిప్రాయం. ఎదుటివారి కాయను కొట్టనిదే లోపలి గడుల్లోకి వెళ్ళకూడదని ఒకరు, అలాంటిదేమీ లేదని మరొకరు. నియమాలు కాగితం మీద లేని ఆటను ఎలా సమీక్షిస్తారు? అందుకని ముందు నియమాలు రాయమన్నాం. రెండు శనివారాలు పట్టింది. "చెమ్మా పడితే మళ్ళీ వేయాలి" అని ఒకరు రాస్తే, "వేయాలా, వేయవచ్చా?" అని మరొకరు నిలదీశారు. అవసరం లేకపోయినా వేసి తీరాలా అన్నది ప్రశ్న. ఒక్క క్రియ రూపం మీద అరగంట వాదించుకున్నారు. ఇన్నేళ్ళ వ్యాసరచన తరగతుల్లో మాట ఎంపిక మీద ఇంత పట్టుదల తాను చూడలేదని తెలుగు టీచర్ నాతో అన్నారు.

పులిజూదానికి ఇంకో చిక్కు వచ్చింది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలు గుంపుగా నిలబడి పులిని కదలకుండా కట్టేస్తాయి. పులులతో ఆడినవారు సులువైన ఆట అని, మేకలతో ఆడినవారు అన్యాయమైన ఆట అని రాశారు. రెండు పక్షాలా ఆడి మళ్ళీ రాయమన్నాం. రెండోసారి రాసిన పేజీలకూ మొదటివాటికీ పోలికే లేదు. నిదానంగా, వరుస తప్పకుండా నడిపితే మేకలకే పట్టు దొరుకుతుందని చాలామంది కనిపెట్టారు.

ఒక తాతగారు నాకు ఉత్తరం రాశారు. జూదమనే మాట, పాచికలు, పేకముక్కల వంటి కార్డులు బడిలో ఎందుకని. పెద్దవారి ఆందోళనను నేను గౌరవిస్తాను. మన శనివారం ఆటల్లో పందెం లేదు. డబ్బు సరే, పెన్సిలు ముక్క కూడా ఒడ్డకూడదు. కొన్ని ఆటల్లో అయితే పోటీ కూడా ఉండదు, అందరూ కలిసి గెలవాలి లేదా కలిసి ఓడాలి. మాట్ లీకాక్ రూపొందించిన 'పాండెమిక్' అలాంటిది, నాలుగు వ్యాధులను అందరూ కలిసి అరికట్టాలి. దాని మీద ఎనిమిదో తరగతి అమ్మాయి రాసిన ఫిర్యాదు చూడండి: "బాగా తెలిసినవాళ్ళు ఒక్కరే అందరి తరఫునా ఆడేస్తారు. వాళ్ళు చెప్పినట్టు నేను చేశాను, ఆడలేదు." ఆమెకే తర్వాత 'హనాబి' ఇచ్చాం. అందులో ఎవరి కార్డులు వారికి కనబడవు, ఎదుటివారికే కనబడేలా పట్టుకోవాలి. రంగో అంకో సూచనగా చెప్పి ఒకరినొకరు నడిపించుకోవాలి. "ఇందులో ఎవరూ నా బదులు ఆడలేరు" అని ఆమె రాసింది. రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూసే ఈ చూపు మేము నేర్పింది కాదు.

ఇంకొక అమ్మాయి గురించి చెప్పాలి. వాళ్ళకు బొమ్మల దుకాణం ఉంది. తన సమీక్ష పైన ఎవరూ అడగకుండానే "ఈ ఆట మా దుకాణంలో అమ్ముతాం, చదివేవారు గమనించాలి" అని రాసుకుంది. కింద ఆ ఆట కార్డులు నెల రోజులకే అంచులు చిరిగిపోయాయని కూడా రాసింది. ఆ పేజీ చూసి నాకు చాలా గర్వం కలిగింది. ఇప్పుడు ప్రతి సమీక్షలోనూ "ఈ ఆట నాకెలా దొరికింది" అన్న వరుస చేర్చాం.

చదువు సమయం తగ్గలేదని కూడా తెలియజేస్తున్నాను. ఈ రెండు పీరియడ్లు ముందు నుంచీ ఆటలకూ గ్రంథాలయానికీ కేటాయించినవే.

డిసెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర వరకు మీరూ వచ్చి పిల్లలతో ఆడాలని కోరుతున్నాను. ఎర్ర అట్ట పుస్తకం ఆ రోజు బయట బల్ల మీద ఉంటుంది. మీ ఇంట్లో అష్టాచెమ్మా, పులిజూదం, వామనగుంటలు ఏ పద్ధతిలో ఆడతారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి, మా నియమాల దస్త్రంలో చేరుస్తాం. నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతగార్లు వస్తే మరీ సంతోషం. నేల మీద కూర్చోలేనివారికి బల్లలు వేయిస్తాం. మా దగ్గర గవ్వలు తక్కువగా ఉన్నాయి. ఇంట్లో ఉంటే ఆ పూటకు వెంట తెచ్చుకోండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు