విండోస్ 11 వేశామంటే చాలదు, ఎలా వేశారో బిల్లు మీద రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది 2025 అక్టోబర్ 14న. సరిగ్గా అదే రోజు మన విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడుతోందన్న ప్రకటన వచ్చింది, ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది, విండోస్ సంగతి చాలామందికి తెలియనే లేదు. కానీ మన ఇళ్ళలో, ట్యూషన్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లకి తగిలింది ఆ విండోస్ సంగతే. సీపీయూ ఆటోలో పెట్టుకుని ద్వారకానగర్ వైపో డాబాగార్డెన్స్ వైపో వెళ్తే వినిపించేవి రెండే మాటలు. "ఇది పాతదైపోయిందండి, కొత్తది తీసుకోండి" అనేది ఒకటి, "పర్లేదండి, విండోస్ పదకొండు వేసిచ్చేస్తాం, సాయంత్రం రండి" అనేది రెండోది. మొదటి మాటతో నాకు పేచీ లేదు, అమ్ముకునేవాళ్ళు అమ్ముకోవాలనే చూస్తారు. నా గొడవంతా ఆ రెండో మాట గురించే.

గాజువాకలో ఉండే మా మావయ్య ఒక షాపులో అలాగే వేయించుకొచ్చారు. ఆయనది మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, కొన్నప్పటి హార్డ్ డిస్కే. పెన్షన్ స్లిప్పులు, ఫొటోలు, యూట్యూబ్‌లో ప్రవచనాలు, అప్పుడప్పుడు అసోసియేషన్ లెటర్లు టైప్ చేయడం, అంతకు మించి దానితో పనిలేదు. "కొత్తది వేయించాక ఇంకా ముసలిదైపోయిందేంటే అమ్మడూ ఇది" అని ఫోన్ చేస్తే వెళ్ళి చూశాను. స్క్రీన్ మీద కింద కుడిపక్క మూలన, గడియారం పైన, సన్నటి అక్షరాలతో 'సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ నాట్ మెట్' అని ఉంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గరే నిలబడి ఉంది, ఫోల్డర్ మీద నొక్కి టీ తాగొచ్చేయొచ్చు. యాక్టివేషన్ చూస్తే అదీ క్రాకే, అంటే లైసెన్స్ కొనకుండా దొంగదారిన చేసిందే. అది ఎక్కించడానికి యాంటీవైరస్‌ని ఆపేసి, తిరిగి ఆన్ కూడా చేయలేదు. ఆ కంప్యూటర్‌లోనే ఆయన బ్యాంక్ లాగిన్ అవుతారు. బిల్లులో మాత్రం 'ఓఎస్ ఇన్‌స్టలేషన్' అని ఒక్క ముక్క (ఓఎస్ అంటే కంప్యూటర్‌ని నడిపే విండోస్ లాంటి సాఫ్ట్‌వేర్).

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతులు దాపరికమేం కాదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ అంటే చాలామందికి ఉంటాయి. తిరకాసంతా టీపీఎం 2.0 (రహస్య తాళాల్ని భద్రంగా దాచే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ ఆన్ అయ్యేలా చూసే ఏర్పాటు), ప్రాసెసర్ తరం దగ్గరే. ఇంటెల్ అయితే ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. "మాది ఐ5 కదండీ, ఎందుకు రాదు" అని అడుగుతారు. ఐ5 అన్నంత మాత్రాన ఏమీ తెలియదు, ఆ పక్కన ఉన్న నంబర్ చూడాలి. ఐ5 7400 అంటే ఏడో తరం, రాదు. 8400 అయితే ఎనిమిది, వస్తుంది. 10400 అని ఐదంకెలుంటే పదో తరం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి సిస్టమ్ నొక్కితే ఈ నంబర్ కనిపిస్తుంది, దీనికి షాపు దాకా వెళ్ళక్కర్లేదు.

ఎనిమిదో తరం ఉండి కూడా 'మీ పీసీకి అర్హత లేదు' అని వస్తే కంగారుపడి కొత్తది కొనకండి. చాలా మదర్‌బోర్డుల్లో టీపీఎం ఉంటుంది కానీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ కొడుతూ బయోస్‌లోకి వెళ్ళి, ఇంటెల్ బోర్డులో పీటీటీ అని, ఏఎండీ బోర్డులో ఎఫ్‌టీపీఎం అని ఉన్నదాన్ని ఆన్ చేస్తే చాలాసార్లు పనైపోతుంది. డిస్క్‌ని భాగాలు చేసిన తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, సెక్యూర్ బూట్ కోసం కొత్తదైన జీపీటీకి మార్చాలి. దానికి విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా పోదు (బ్యాకప్ మాత్రం తీసుకోండి, అది ఎప్పుడైనా తప్పదు). ఇది చేసే ఓపిక లేకే కొన్ని షాపుల్లో మొత్తం డిస్క్ ఫార్మాట్ కొట్టేస్తారు. మన జనం జీవితమంతా డి డ్రైవ్‌లో దాచుకుంటారు, అది కూడా దాంతోపాటు గోవిందా.

అర్హత లేని మెషీన్లో కూడా సెటప్ సమయంలో ఆ తనిఖీల్ని తప్పించి పదకొండు ఎక్కించొచ్చు, అది నిజమే. నేను దాన్ని నేరం అనడం లేదు, తెలిసి చేసుకునేవాళ్ళు చేసుకోవచ్చు. కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పేసింది. నెలనెలా వచ్చేవి ప్రస్తుతానికి వస్తున్నా, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, మళ్ళీ అదే దొడ్డిదారిన ఎక్కించుకోవాలి. ఇక కోర్ 2 డ్యుయో కాలం నాటివి ఉన్నాయే, 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి వాటిలో అసలు బూటే అవదు, కావలసిన ఇన్‌స్ట్రక్షన్ ఆ ప్రాసెసర్‌లోనే లేదు. ఇవన్నీ కస్టమర్‌కి ముందే చెప్పి, "మీ ఇష్టమండీ" అంటే ఒక పద్ధతి. చెప్పకుండా వేసి డబ్బులు తీసుకుంటే దాన్నేమనాలి?

ఇంకో సంగతి ఎవరూ నోరెత్తి చెప్పడం లేదు. విండోస్ 10 ఉన్నవాళ్ళకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే అవకాశం ఇచ్చారు. వెర్షన్ 22హెచ్2 అయ్యుండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసా కట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గరే ఆ లింక్ ఉంటుంది. మావయ్య పదిని తీసేయించుకునే ముందు షాపులో ఈ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

చివరికి ఆయన దాంట్లో హార్డ్ డిస్క్ తీసి 256 జీబీ ఎస్ఎస్‌డీ (దానికంటే వేగంగా పనిచేసే డిస్క్) పెట్టి లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓఎస్) వేశాను, ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, అది తేలిక. పెన్‌డ్రైవ్ నుంచే ముందు నడిపి చూపించాను, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేద్దామన్నాను, లోపల ఏమీ చెరగదు కాబట్టి ఆయనకి టెన్షన్ లేదు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లున్నాయి, 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 అయితే హాయి. ప్రాసెసర్ 64 బిట్‌ది అయితే చాలు. తెలుగు ఫాంట్లు బాగానే కనిపిస్తాయి, తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఉబుంటు (ఇంకో రకం లినక్స్) ఆధారంగా చేసుకున్న సొంత లినక్స్‌నే ఏళ్ళ తరబడి వాడుతున్నారు. మన బడుల్లో మూలన పడి ఉన్న సిస్టమ్స్ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

అలాగని అందరికీ లినక్సే వేసేయమని చెప్పను. ట్యాలీ మీద బతికేవాళ్ళకి కుదరదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్ళి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్ళకి అస్సలు కుదరదు, వాళ్ళ పాత ఫైళ్ళు యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతిలో) ఉండవు, వేరేచోట తెరిస్తే పిచ్చి గీతలే. కొన్ని పాత చిన్న లేజర్ ప్రింటర్లకి డ్రైవర్ దొరకడం పెద్ద తలనొప్పి. ఇలాంటి పని ఉన్నవాళ్ళు పదినే ఉంచుకుని, ఆ మెషీన్‌కి నెట్ కనెక్షన్ తీసేసి, మెయిల్, బ్యాంకు పనులు వేరేదాంట్లో చూసుకోవడం మంచిదని నా ఉద్దేశం.

ఏ ఓఎస్ వేసినా ముందు డబ్బా ఒకసారి విప్పి చూడమనండి. మన సముద్రం గాలికి ఇనప గ్రిల్సే నాలుగేళ్ళు ఆగవు, ర్యామ్ కాళ్ళు ఏం ఆగుతాయి? స్టిక్ బయటికి తీసి, ఆ బంగారు రంగు గీతల మీద పిల్లల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ పెడితే, 'చచ్చిపోయింది' అన్న కంప్యూటర్ కొన్నిసార్లు లేచి కూర్చుంటుంది. మదర్‌బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, అయిపోయి ఉంటే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ సైట్లన్నీ సురక్షితం కాదని మొరాయిస్తుంది, చూసేవాళ్ళు వైరస్ అనుకుంటారు. పోయిన బ్యాటరీకి కొత్త విండోస్ వేయించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, నవ్వాలో ఏడవాలో తెలియదు.

కాబట్టి మన ఊరి కంప్యూటర్ షాపుల వాళ్ళని అడిగేది ఇంతే. ఓఎస్ వేసినప్పుడు ఏ వెర్షన్ వేశారు, లైసెన్స్ ఉందా లేదా, మెషీన్‌కి అర్హత ఉందా లేక తనిఖీలు తప్పించి వేశారా, డి డ్రైవ్ ముట్టుకున్నారా, ఇవి బిల్లు మీద రాసి సంతకం పెట్టండి. రాయనంటే కస్టమర్లు డబ్బులిచ్చే ముందే గట్టిగా అడగాలి. మీరు కూడా సిటీ పేజీలో ఒక మూలన, ఇంగ్లిష్ మెనూల ఫొటోలతో సహా, ఈ పొడిగింపు అప్‌డేట్లు ఎలా ఆన్ చేసుకోవాలో 2026 అక్టోబర్ గడువు దాటకముందే వేస్తే మా మావయ్య లాంటి పెద్దవాళ్ళు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం