ఈస్టర్ నాడు పెద్దవాళ్లతో ఏ ఆటలు ఆడించాలంటే

బుజ్జీ,

నువ్వు, అల్లుడుగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్న, నేను బాగున్నాం.

వృద్ధాశ్రమంలో ఈస్టర్ కార్యక్రమం నీ చేతిలో పెట్టారని, పెద్దవాళ్లకి ఏ ఆటలు పెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని అన్నావు. అప్పట్నుంచి నాకూ అదే ధ్యాస. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం గాలికి పోతుందని తీరిగ్గా రాస్తున్నాను. నేనూ ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నాను కదా, మోకాళ్లకి ఏది కష్టమో, కళ్లకి ఏది ఆనదో నన్ను అడిగితేనే మేలు.

ముందు ఒక మాట గట్టిగా చెబుతాను. ఆట ఒంటికి తేలిగ్గా ఉండాలి గానీ మనిషిని తేలిక చేయకూడదు. తలకి కుందేలు చెవులు తగిలించి, "తాతగారూ, ఎంత ముద్దుగా ఉన్నారో" అంటే పైకి నవ్వి ఊరుకుంటారు, లోపల చిన్నబుచ్చుకుంటారు. వాళ్లంతా ఇళ్లు నడిపినవాళ్లు, ఉద్యోగాలు చేసినవాళ్లు, నలుగురికి సలహా చెప్పినవాళ్లు. ఆ చెవులు సరదాగా అనిపించినవాళ్లు పెట్టుకుంటారు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే అడిగి పెట్టాలి. ఏ ఆట ఎంచుకున్నా, "ఇందులో వాళ్లు చేసే పని ఏమిటి, వాళ్లు ఇచ్చేది ఏమిటి" అని ఒకసారి చూసుకో.

అందరికీ మొదట గుర్తొచ్చేది గుడ్లు వెతికే ఆట. పిల్లలకైతే గడ్డిలో, పొదల్లో, కుర్చీల కింద దాచేస్తాం. పెద్దవాళ్ల విషయంలో నేల మీద ఏదీ పెట్టకు. వంగి లేచేటప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగేవాళ్లు చాలామంది ఉంటారు. నడుము ఎత్తు నుంచి కంటి ఎత్తు దాకా, అంటే బల్లల మీద, కిటికీ గట్టుల మీద, పూలకుండీల పక్కన పెట్టు. రంగుల విషయం కూడా చూసుకో. వయసు మళ్లేకొద్దీ కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది, దానితో లేత నీలం, లేత ఆకుపచ్చ, ఊదా రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. బజారులో ఈస్టర్ సరుకంతా ఆ లేత రంగుల్లోనే ఉంటుంది. నువ్వు ముదురు ఎరుపు ఎంచుకుని, వాటి వెనక తెల్లటి గుడ్డ పరువు. గదిలో లైట్లన్నీ వేయించు.

ప్లాస్టిక్ గుడ్లలో మిఠాయిలకి బదులు చీటీలు పెట్టు. అక్షరాలు పెద్దవిగా, నల్లగా ఉండాలి. "మీ చిన్నప్పుడు ఈస్టర్ తెల్లవారుజామున ఎవరు నిద్రలేపేవారు?", "మీరు మొదట కంఠస్థం చేసిన కీర్తన ఏది?" లాంటివి రాయి. చీటీ దొరికినవాళ్లు చదివి జవాబు చెబుతారు, పక్కవాళ్లు అందుకుంటారు, ఇక ఆ కబుర్లే ఆట అయిపోతాయి. నడవగలిగినవాళ్లనీ, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లనీ జంటలుగా కలుపు. ఆనవాలు రాసిన కాగితం కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి, వాళ్లు దారి చెబితే రెండో మనిషి వెళ్లి తేవాలి. అప్పుడు ఎవరూ ఊరికే చూస్తూ మిగిలిపోరు.

నన్నడిగితే ఇంకా మంచిది దీన్ని తిరగేయడం. పెద్దవాళ్లు దాస్తారు, పిల్లలు వెతుకుతారు. వీలైతే మన పిల్లల్నీ, వాళ్ల స్నేహితుల్నీ తీసుకెళ్లు. ఒక్కొక్కరికీ నాలుగైదు గుడ్లు ఇచ్చి, తమ శాలువా మడతలోనో, ఒళ్లో పుస్తకం కిందనో, చేతిసంచిలోనో దాచుకోమను. పిల్లలు కుర్చీ కుర్చీ దగ్గరకీ వచ్చి అడుగుతుంటే "దగ్గరికొచ్చావు", "దూరమైపోయావు" అంటూ ఆడిస్తారు. గుట్టు తమ దగ్గరుంది, పిల్లలు తమ చుట్టూ తిరుగుతున్నారు. ఆ వయసులో ఇంతకన్నా సంతోషం ఏముంటుంది?

ఇక గుడ్లకి రంగులు వేయడం. దీనికి ఎక్కువ సమయం పెట్టు, తొందరపడకు. బజారు రంగుల కన్నా వంటింటి రంగులు నాకు ఎక్కువ ఇష్టం. ఉల్లిపాయ తొక్కలతో ఎర్రటి గోధుమ రంగు, పసుపుపొడితో పసుపు రంగు, బీట్‌రూట్‌తో గులాబీ రంగు వస్తాయి. ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్లు ఊదాగా కనిపిస్తాయి గానీ తెల్ల గుడ్డు వేస్తే నీలం అవుతుంది, అందరూ ఆశ్చర్యపోతారు. ముదురు రంగు కావాలంటే ఆ నీళ్లలోనే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. కప్పు రంగునీళ్లకి ఒక పెద్ద చెంచా వెనిగర్ కలుపు. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేట్, వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని కాస్త తినేస్తే రంగు బాగా పట్టుకుంటుంది.

ఉల్లితొక్కతో ఆకు అచ్చు వేయడం తప్పకుండా పెట్టు. చిన్న కొత్తిమీర రెమ్మ, లేకపోతే అంచులు బాగా తెలిసే ఏదైనా చిన్న ఆకు తీసుకో. నీళ్లలో తడిపి పచ్చి గుడ్డు మీద అతికించి, వేళ్లతో మెల్లగా చదును చేయాలి. దాని మీద పాత నైలాన్ మేజోడు ముక్కో, పల్చటి గుడ్డ ముక్కో బిగించి చుట్టాలి. దారంతో ముడి వేయడం వంకర్లు పోయిన వేళ్లకి కష్టం, రబ్బర్ బ్యాండ్లు ఇవ్వు. చుట్టిన గుడ్లని వంటగదిలో ఉల్లితొక్కలతో కలిపి పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. ఆ గిన్నె మాత్రం వేడిగా ఉండగా పెద్దవాళ్ల బల్ల దగ్గరకి తేవద్దు, పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. గోరువెచ్చగా అయ్యాక ఎవరి గుడ్డు వాళ్ల చేతిలో పెట్టు. గుడ్డ విప్పి ఆకు ఊడదీస్తే ఎర్రటి పెంకు మీద తెల్లగా ఆకు బొమ్మ, ఈనెలతో సహా. చివర్లో ఒక్క చుక్క నూనె రాస్తే మెరుస్తుంది. పేర్లు కలిసిపోకుండా రబ్బర్ బ్యాండ్ రంగుల్ని బట్టి గుర్తు పెట్టుకో. ఎవరి గుడ్డు వాళ్లకే రావాలి, అది ముఖ్యం.

కుంచెలు ఇస్తే వాటి పిడికి గుడ్డ చుట్టి లావు చెయ్యి, పట్టు దొరుకుతుంది. గుడ్డు దొర్లకుండా గుడ్ల అట్టపెట్టె గుంటలు కత్తిరించి ఒక్కొక్కటి ముందు పెట్టు. రంగు గిన్నె కింద తడిబట్ట వేస్తే జారదు.

రంగులు వేస్తున్నంతసేపూ ఎవరో ఒకరు కథ చెప్పాలి. పూర్వం లెంటు రోజుల్లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాల్లో, మాంసంతో పాటు గుడ్లు కూడా తినేవారు కాదు. కోళ్లు పెట్టడం ఆపవు కదా, పండుగ నాటికి గుడ్లు పోగయ్యేవి. అలా ఈస్టర్‌కీ గుడ్డుకీ ముడిపడింది. మూసిన పెంకులోంచి ప్రాణం బయటికి రావడంలో విశ్వాసులు క్రీస్తు లేచి వెళ్లిన ఖాళీ సమాధిని చూశారు, ఎరుపు రంగులో క్రీస్తు రక్తాన్ని చూశారు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1290లో 450 గుడ్లకి రంగులు, బంగారు రేకు వేయించి పంచాడట. రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండర్ 1885లో భార్యకి ఇచ్చిన, నగల వ్యాపారి ఫాబెర్జే చేయించిన గుడ్డు సంగతి కూడా చెప్పు. తెల్లటి పెంకు తెరిస్తే బంగారు పచ్చసొన, అది తెరిస్తే లోపల బంగారు కోడి.

గ్రీకువాళ్లు ఎర్రగుడ్లని ఒకదానితో ఒకటి కొడతారు, ఎవరి గుడ్డు చివరిదాకా పగలకుండా ఉంటే వాళ్లకి ఆ ఏడాది అదృష్టమని నమ్మకం. కూర్చున్నచోటే ఆడుకోవచ్చు, బలం అక్కర్లేదు, గట్టిగా నవ్వుకోవచ్చు. నాకు అన్నిటికన్నా ఇదే నచ్చుతుంది. అమెరికా అధ్యక్షుడి భవనం పచ్చికలో 1878 నుంచి గుడ్లు దొర్లించే పండుగ జరుగుతోంది. మీరు దాన్ని పొడవాటి బల్ల మీద పెట్టుకోండి. అంచులకి చుట్టిన తువ్వాళ్లు అడ్డం పెట్టి, విసనకర్రతో విసిరి గుడ్డుని అవతలి చివరికి దొర్లించడమే. ప్లాస్టిక్ గుడ్డు అయితే తేలిగ్గా కదులుతుంది. చెంచాలో గుడ్డు పెట్టుకుని నడిచే పందెం మాత్రం వద్దే వద్దు, చూపంతా చెంచా మీద ఉంటే కాలు తడబడుతుంది. గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక చెంచాలోంచి పక్కవాళ్ల చెంచాలోకి గుడ్డు అందించే ఆట పెట్టు. ఎవరైనా మెల్లగా పాట అందుకుంటే దానికి తగ్గట్టు చేతులు సాగుతాయి.

క్విజ్ పెట్టమని నాన్న పట్టుబట్టారు. ప్రశ్నలు కూడా ఆయనే చెప్పారు. ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుంది? మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం అది, చర్చి లెక్క ప్రకారం. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. ఆఖరి తేదీ ఏప్రిల్ 25న 1943లో వచ్చింది, మళ్లీ 2038లో వస్తుంది. 1943లో పుట్టినవాళ్లు మీ దగ్గర ఎవరైనా ఉంటే ఈ ప్రశ్న వాళ్లతోనే అడిగించు. పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవికి ఆ పేరెందుకు? 1722 ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, డచ్చి నావికుడు రోహెవేన్ అక్కడికి చేరాడు. బైబిల్ వాక్యం బాగా తెలిసినవాళ్లకి: సమాధి దగ్గర మగ్దలేనే మరియ యేసుని ఎవరనుకుంది? తోటమాలి. లేచిన ప్రభువు చెప్పినచోట వల వేస్తే ఎన్ని చేపలు పడ్డాయి? 153.

ఎవరినీ పేరు పెట్టి నిలబెట్టి అడగకు. జవాబు తట్టకపోతే ఆ మనిషికి అందరి ముందూ తలకొట్టేసినట్టు అవుతుంది. జట్లుగా కూర్చోబెట్టు, ఒక్కో ప్రశ్నకీ ఆనవాళ్లు ఇస్తూ పో. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లని "గుర్తుందా?" అని అసలు అడగొద్దు. నువ్వు "క్రీస్తు లేచెను" అను, "నిజముగా లేచెను" అని వాళ్లే అంటారు. పాత కీర్తన మొదటి చరణం ఎత్తుకో. మీ అమ్మమ్మకి చివరి రోజుల్లో మన పేర్లు కూడా తప్పిపోయేవి గానీ కీర్తన ఎత్తుకుంటే చివరిదాకా పాడేది. అది నేను కళ్లారా చూశాను.

పండుగకి వారం పది రోజుల ముందే ఒకసారి వెళ్లగలిగితే లోతులేని పళ్లేల్లో మట్టి వేసి గోధుమలు చల్లించు. రోజూ కాస్త నీళ్లు చిలకరిస్తే ఈస్టర్ నాటికి పచ్చటి గడ్డి లేస్తుంది, రంగు గుడ్లు పెట్టుకోవడానికి అదే గూడు. రోజూ లేవగానే చూసుకోవడానికి ఒకటి ఉంటుంది వాళ్లకి. పూలు అమర్చే బల్ల కూడా ఒకటి పెట్టు, మాట్లాడటం ఇష్టంలేనివాళ్లు అక్కడ హాయిగా కూర్చుంటారు. అక్కడ పిల్లి తిరుగుతుంటే లిల్లీలు మాత్రం వద్దు, అవి పిల్లులకి విషం.

తిండి దగ్గర జాగ్రత్త. ఉడికించిన గుడ్డు రెండు గంటలకి మించి బయట ఉంటే తినకూడదు, ఫ్రిజ్‌లో పెట్టినా వారం లోపే తినేయాలి. ఆటల్లో చేతులు మారినవి, పెంకు పగిలినవి, అలంకరణకి పెట్టినవి ఎవరికీ పెట్టకు. గుడ్ల వల్ల వచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు పెద్దవాళ్లకి మనకన్నా ఎక్కువ ప్రమాదం. షుగర్ ఎవరికుంది, మింగడం ఎవరికి కష్టం అన్నది ముందే నర్సుని అడిగి రాసుకో. మింగలేనివాళ్లకి గట్టి చాక్లెట్లు, జిగురు మిఠాయిలు దరిచేరనివ్వకు. మతిమరుపు ఉన్నవాళ్లు ప్లాస్టిక్ గుడ్డునో, రంగునీళ్లనో తినేవనుకుని నోట్లో పెట్టుకోవచ్చు, పక్కన ఒక మనిషి ఉండాలి.

రంగులు వేయడం పక్కన పెడితే, మిగతా కార్యక్రమం పొద్దున పూట, ముప్పావు గంటలో ముగించు. ఇంకా కూర్చుంటామంటే వాళ్లే కూర్చుంటారు. మాట్లాడేటప్పుడు వెనక పాటలు పెట్టొద్దు. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకి రెండూ కలిసి హోరు అయిపోతుంది, నాన్నని చూస్తూనే ఉన్నావు కదా. ఎదురుగా నిలబడి, ముఖం కనిపించేలా చెప్పు. అక్కడ అందరూ క్రైస్తవులే అయి ఉండరు. రంగులు, పూలు, ఆటలు అందరికీ, ప్రార్థన ఇష్టమైనవాళ్లకి మాత్రమే. ఆ సంగతి మొదట్లోనే చెప్పేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఆ ఏడాదే భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి పండుగ బరువుగా ఉంటుంది. ఆటకి రమ్మని బలవంతపెట్టకు, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని వాళ్లాయన గురించో, ఆవిడ గురించో అడుగు. చాలామంది నొచ్చుకుంటారని ఆ పేరే ఎత్తరు. వాళ్లేమో ఎవరైనా ఎత్తితే బాగుండునని చూస్తుంటారు.

నేను ఈ రోజు నుంచే ఉల్లితొక్కలు డబ్బాలో పోగేస్తున్నాను, నువ్వూ మొదలుపెట్టు, అంతమందికి చాలా కావాలి. నాన్న క్విజ్ కాగితాలు పెద్ద అక్షరాలతో రాసి ఉంచుతానన్నారు. ఎంతమంది వస్తారో, అందులో వీల్‌చైర్లు ఎన్నో కనుక్కుని చెప్పు. దాన్ని బట్టి బల్లలు ఎలా వేయాలో మళ్లీ మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అమ్మ