రేడియో ప్రసంగాలకు నాలుగు వరుసల చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెలలో పెడన నుంచి ఒకాయన లాల్చీ కుట్టించుకుందామని మా షాపుకి వచ్చాడు. భుజం కొలత తీస్తుంటే, "నిన్న సాయంత్రం రేడియోలో మా కలంకారీ గురించి చెప్పారు, విన్నారా?" అని అడిగాడు. వినలేదన్నాను. "ఎదురుగా రేడియో పెట్టుకుని కూడా వినలేదా!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అచ్చు కొట్టే పెద్దాయన ఒకరూ, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడం ఒకరూ కూర్చుని అరగంట మాట్లాడుకున్నారట. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్నీ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే నల్లరంగుకు కావలసిన నీళ్లు తయారవుతాయనీ, గుడ్డని ముందే కరక్కాయ నీళ్లలో ముంచకపోతే ఆ నలుపు నిలవదనీ పెద్దాయన చెప్పాడట. ఎందుకు నిలవదో మేడం చెప్పారట. కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థమూ, ఈ ఇనుము నీళ్లూ కలిస్తేనే అసలు నలుపు పుడుతుందట. ఇదంతా విని, "మరి ఎరుపు ఎలా వస్తుందట?" అన్నాను. "అప్పుడే ఇంట్లోంచి కేకేస్తే లేచి వెళ్లానండీ" అన్నాడు ఆ పెద్దమనిషి.

ఆ అరగంటా నేను షాపులోనే ఉన్నాను. జాకెట్లకు కాజాలు తీస్తున్నాను. రేడియో మోగుతూనే ఉంది, కాకపోతే వేరే స్టేషన్లో, వందసార్లు విన్న సినిమా పాటలతో. ముల్లు ఒక్క పిసరు జరిపితే చాలు, ఆ మాటలు నా చెవిన పడేవి. జరపాలని నాకెవరు చెప్పాలి? ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ఒకప్పుడు మీ పత్రికలో 'నేటి రేడియో' అని చిన్న కాలమ్ ఉండేది. ఎన్ని గంటలకు ఏ ప్రసంగం, ఎవరు మాట్లాడతారు, అంతే ఉండేది. పొద్దున్నే దాన్ని కత్తిరించి మిషన్ బల్లకి గుండుసూదితో గుచ్చుకునేవాణ్ణి. ఎప్పుడు తీసేశారో తెలియదు గానీ, ఒక రోజు వెతికితే ఆ చోట బంగారం ధర కనిపించింది. మీకు అభ్యంతరం లేకపోతే అడుగుతాను: రాశిఫలాలకు మీరు రోజూ ఇస్తున్న చోటులో ఒక్క రాశికి సరిపడేంత, పోనీ మా సింహరాశిదే తీసుకోండి, అది రేడియోకు ఇవ్వకూడదా? నా ఫలం నేను సాయంత్రానికి ఎలాగూ తెలుసుకుంటాను.

నేను 1971లో పద్నాలుగేళ్ల వయసులో మా మేనమామ దగ్గర పనికి చేరాను. షాపు బస్టాండు వెనక సందులో ఉండేది. మిషన్లు రెండు, రేడియో ఒకటి. ఆ రేడియోకు లైసెన్సు పుస్తకం ఉండేది, పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టి రావడం నా పని. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైందని మామ తన పెళ్లి తేదీ చెప్పినట్టు చెప్పేవాడు. అంతకుముందు మా వైపు తెలుగు మాట వినాలంటే మద్రాసు స్టేషన్ పెట్టాల్సిందేనట. చిన్నప్పుడు మున్సిపల్ పార్కులో మైకు కింద నిలబడి వినేవాడట. మామ మిషన్ మీంచి కాలు తీసేది రెండు సందర్భాల్లోనే: దారం తెగినప్పుడు, ఉషశ్రీ గారి గొంతు వచ్చినప్పుడు. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అంటే ఎవరికీ తెలియదు గానీ ఉషశ్రీ అంటే ఊరంతటికీ తెలుసు. ఆయన 'ధర్మసందేహాలు' చెబుతుంటే, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా కొలతలు మర్చిపోయి బెంచీ మీద కూర్చునేవాళ్లు.

నాకు మాత్రం సాయంత్రం ప్రసంగాలు ఇష్టం. టైలర్ పనిలో కళ్లు గుడ్డ మీద ఉండాలి, చేతులు గుడ్డ మీద ఉండాలి, కాలు పెడల్ మీద ఉండాలి. ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. పుస్తకం చదవలేం, టీవీ చూడలేం. చూస్తే వేలిలో సూది దిగుతుంది, నాకు రెండుసార్లు దిగింది. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆ తర్వాత చదువంతా దీపాలు పెట్టే వేళ ఆ పెట్టెలోంచి వచ్చిందే.

ఒక ఉదాహరణ చెబుతాను. అప్పట్లో అనౌన్సర్లు, "358.4 మీటర్లు అనగా 837 కిలోహెర్ట్జ్" అని చెప్పి కార్యక్రమం మొదలుపెట్టేవారు. కిలోహెర్ట్జ్ సంగతి నాకు పట్టలేదు. మీటర్లు పట్టింది, ఎందుకంటే నా బతుకంతా మీటర్లే. ప్యాంటుకి మీటరుంపావు, షర్టుకి రెండుంపావు. రేడియోలో ఈ మూడు వందల యాభై ఎనిమిది మీటర్లు దేన్ని కొలిచాయి? మామనడిగితే "స్తంభం పొడవై ఉంటుందిరా" అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. పోస్టుకార్డు రాశాను. మూడు వారాల తర్వాత సైన్సు కార్యక్రమంలో ఒక లెక్చరర్ గారు నా ఊరి పేరు చదివి మరీ జవాబు చెప్పారు. గాలిలో వచ్చే తరంగం ఒక్కొక్కటి అంత పొడుగు ఉంటుందట, అలాంటివి సెకనుకు ఎనిమిది లక్షల ముప్ఫై ఏడు వేలు వస్తాయట. "మీ దగ్గర కాగితం ఉంటే 358.4ని 837తో హెచ్చించి చూడండి" అన్నారు. ఆర్డర్ల పుస్తకం వెనక అట్ట మీద చేశాను. 2,99,980 వచ్చింది. దాదాపు మూడు లక్షలు. కాంతి సెకనుకు అన్ని కిలోమీటర్లు పోతుందట, రేడియో తరంగమూ అంతే వేగంతో పోతుందట. మూడు ముక్కల లెక్క మీ షాపులోనే దొరికింది చూశారా అన్నారాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఇంకోసారి, పొద్దు గుంకాక మా రేడియోలో ఏవేవో భాషలు ఎందుకు కలుస్తాయో చెప్పారు. పగలు ఎండకి ఆకాశంలో ఒక పొర ఏర్పడి మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుందట. చీకటి పడితే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి పోయి, అక్కడున్న మరో పొరకు తగిలి, ఎక్కడో దూరాన దిగుతాయి. అందుకే పగలు పలకని స్టేషన్లు రాత్రి పలుకుతాయి. మామ అంతవరకూ అది బ్యాటరీల మహిమ అనుకునేవాడు.

1980ల్లో మిషన్‌కి మోటారు పెట్టించాను. కాళ్ల నొప్పులు తగ్గాయి గానీ మోటారు తిరిగినంతసేపూ రేడియోలో గరగర. మళ్లీ కార్డు రాశాను. మోటారు లోపల కార్బన్ బ్రష్‌ల దగ్గర సన్నటి నిప్పురవ్వలు లేస్తాయి, రేడియోకు అదీ ఒక ప్రసారమే, కెపాసిటర్ పెట్టించుకోండి అన్నారు. పెట్టిస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి ఏం చేశానంటే, ప్రసంగం వచ్చే అరగంటా బెల్టు విప్పేసి మళ్లీ కాలితో తొక్కేవాణ్ణి. ఏ రోజు తొక్కాలో ఎలా తెలిసేదంటే, మీ కాలమ్ చూసి.

మా మామ నాకు నేర్పిన మొదటి పాఠం, నూలు గుడ్డని తడిపి ఆరేశాకే కత్తెర పెట్టమని. ఎందుకని అడిగితే "కుంచించుకుపోద్దిరా" అనేవాడు. ఎందుకు కుంచించుకుపోతుందంటే దెబ్బ పడేది. పదేళ్ల తర్వాత చేనేత గురించి మాట్లాడుతూ ఒకాయన రేడియోలో చెప్పారు: మగ్గం మీద నూలును బిగలాగి నేస్తారు, నీళ్లు తగిలితే పోగు ఉబ్బి, ఆ బిగువు వదిలి, దాని అసలు పొడవుకు అది వచ్చేస్తుంది. మామ పక్కనే ఉన్నాడు. "నేను చెప్పిందే కదా" అన్నాడు. అవును, చెప్పిందే. కానీ ఆ 'ఎందుకు' మాత్రం మాకిద్దరికీ ఆ సాయంత్రమే తెలిసింది.

ఇవన్నీ పాత ముచ్చట్లు, ఇప్పుడు రేడియోలో ఏముందని అంటారేమో. మా అబ్బాయి అంటాడు. ఫోనులో ఆకాశవాణి యాప్ కూడా వాడే పెట్టాడు. బాగానే పలుకుతుంది, గరగర లేదు, మోటారుతో పేచీ లేదు. కానీ ఏ వేళకు ఎవరు మాట్లాడతారో తెలియనప్పుడు స్టేషన్లు వందుంటే నాకేం లాభం? కలంకారీ మాటలు ఆ యాప్‌లో కూడా వచ్చే ఉంటాయి. అప్పుడు అది నా జేబులో ఉంది.

అసలు వినేవాళ్లు ఉన్నారా అంటే, నేను చూసింది ఒకటి చెబుతాను. మా అమ్మాయిని జహీరాబాద్ వైపు ఇచ్చాం. రెండేళ్ల కిందట వెళ్లినప్పుడు, రాత్రి ఏడు కాగానే పక్కింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చేరారు. మధ్యలో చిన్న రేడియో. సంగం రేడియో అట, 90.4. మాచునూరులో డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల దళిత మహిళలు నడిపేది, 2008 అక్టోబరు 15 నుంచి గాలిలో ఉంది. నడిపే ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు ఆల్గోల్ నర్సమ్మ. ఆ రాత్రి ఒక ముసలమ్మ సామలూ కొర్రలూ పురుగు పట్టకుండా విత్తనానికి ఎలా దాస్తారో చెబుతోంది. బూడిద, వేపాకు, మట్టి పూసిన గంప. మేం కందులనేవాటిని వాళ్లు తొగర్లంటారని నాకు అప్పుడే తెలిసింది. మధ్యలో ఒక పాట, మళ్లీ మాటలు. అరుగు మీది ఒకామె రేడియోతోనే వాదన పెట్టుకుంది: "అట్ల కాదు, మా అమ్మ ఇంకో తీరుగ చేసేది" అని. పేపర్లో వేయకపోయినా వాళ్లకు ఇబ్బంది లేదు. మాట్లాడేది పక్కూరి మనిషే, రోజూ ఏడింటి నుంచి తొమ్మిదింటి వరకేనని అందరికీ తెలుసు. మాది అలా కాదు. మా స్టేషన్ రోజంతా మోగుతుంది, అందులో మాకు కావలసిన అరగంట ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకే మాకు మీ సాయం కావాలి.

నేను అడిగేది పెద్దది కాదు. జిల్లా పేజీలో నాలుగు వరుసలు. పాటల వివరాలు అక్కర్లేదు, వార్తల వేళలు అందరికీ తెలుసు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది లోపు వచ్చే ప్రసంగాలు, చర్చలు, పరిచయాలు మాత్రం వేయండి. వేళ, విషయం, మాట్లాడేవారి పేరు. "ప్రసంగం" అని ఊరికే వేసి వదిలేయొద్దు, దేని మీదో చెప్పండి. 'పశువుల్లో గాలికుంటు' అని ఉంటే మా పాలాయన వింటాడు, 'కలంకారీ రంగులు' అని ఉంటే నేను వింటాను. ఎవరి అరగంట వాళ్లు ఏరుకుంటాం. రోజూ కుదరకపోతే ఆదివారం అనుబంధంలో వారానికి సరిపడా ఒకేసారి వేసినా చాలు, కత్తిరించుకోవడానికి నా దగ్గర కత్తెరలు ఉన్నాయి.

అన్నట్టు, పెడన ఆయన లాల్చీ మొన్న తీసుకెళ్లాడు. ఎరుపు సంగతి ఊళ్లో అడిగి చెబుతానన్నాడు గానీ మర్చిపోయేలా ఉన్నాడు. ఆ కార్యక్రమం చివరిదాకా విన్నవాళ్లు మీ పాఠకుల్లో ఎవరైనా ఉంటే, దయచేసి మీ పత్రికకే ఒక ముక్క రాయమనండి.

ఇట్లు,
ఒక టైలర్,
గుడివాడ, కృష్ణా జిల్లా