రోగికి వైద్యం సరే, ఆ ఇంటి సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రపంచ క్యాన్సర్ దినమని ఫిబ్రవరి 4 వచ్చినా, రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలని అక్టోబరు వచ్చినా పేపర్లన్నీ క్యాన్సర్ గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. లక్షణాలేంటి, ఏ వయసులో ఏ పరీక్ష చేయించుకోవాలి, ఏం తినాలి, ఏం తినకూడదు. అవన్నీ అవసరమే, కాదనను. కానీ ఆ జబ్బు వచ్చిన మనిషి ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారు, పిల్లలు ఎక్కడ తింటున్నారు, కొట్టంలో గేదెకు గడ్డి ఎవరు వేస్తున్నారు అని రాసిన వాళ్లు నా కంటికైతే కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా వదినకు రొమ్ము క్యాన్సర్. నేనుండేది ఖమ్మంలో, అన్నయ్య వాళ్లది ఇక్కడికి దగ్గర్లోనే పల్లె. రెండెకరాల మిర్చి, ఒక పాడి గేదె, టామీ అని ఒక నాటు కుక్క, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న కూతురు, ఎనిమిదో తరగతి పిల్లవాడు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ హైదరాబాద్‌లోనే. ఆసుపత్రి పేరు రాయను. డాక్టర్లు బాగానే చూశారు, వైద్యం ఆరోగ్యశ్రీ మీదే జరిగింది. 2023 డిసెంబరులో ఆ పథకం కింద వైద్యం ఖర్చు పరిమితిని 10 లక్షలకు పెంచారు కాబట్టి మందుల కోసం పొలం అమ్ముకునే గతి పట్టలేదు, ఆ మాట చెప్పాల్సిందే. అయితే కాయ ఏరించే దిక్కు లేక చేలోనే రాలిపోయిన మిర్చికి, ఆగిపోయిన చీటీకి, డ్వాక్రా కిస్తీకి ఏ కార్డూ రాదు కదా.

మొదట దెబ్బ తగిలింది గేదెకే. నవ్వుకోకండి, పల్లెల్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఆ గేదె మా వదిన చేయి తగిలితే తప్ప చేపదు. అన్నయ్య చెంబు పట్టుకుని కూర్చుంటే కాలు విసిరేది, దూడను వదిలినా, ముందు దాణా పెట్టినా పాలు దిగనిచ్చేది కాదు. పక్కింటి అత్త చెప్పిందని నేను వదిన చీర కట్టుకుని, పైట తలమీదుగా కప్పుకుని వెళ్లి కూర్చున్నాను. ఒకసారి నా చేయి వాసన చూసి, తల అటు తిప్పుకుని నిలబడిపోయింది. పూటకు రెండు చెంబుల పాలిచ్చేది కాస్తా అర చెంబుకు దిగింది. పాలకేంద్రం నుంచి వచ్చే ఆ డబ్బులతోనే ఇంట్లో ఉప్పూ పప్పూ, పిల్లవాడి ట్యూషన్ ఫీజూ నడిచేవి. చివరికి బేరగాడు అడిగినంతకే తోలేశారు. వదిన హైదరాబాద్‌లో ఉన్నప్పుడే ఆ పని కానిచ్చారు, ఎదురుగా ఉంటే తోలనివ్వదని.

తర్వాత కుక్క మీద పడ్డారు. చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ అరటిపండ్ల కవరు మంచం పక్కన పెట్టి, వాకిట్లో టామీని చూసి, "ఇంకా దీన్ని ఇంట్లో ఉంచుకున్నారా? వెంట్రుకలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఇన్‌ఫెక్షన్ అవుతుంది, ఎక్కడైనా వదిలేసి రండి" అనడమే. అనీ అనీ అన్నయ్యకు టెన్షన్ పెట్టేశారు. ఆయన దాన్ని ఆటోలో వేసుకుని తెలిసినవాళ్ల మామిడితోటలో కాపలాదారుకి అప్పజెప్పి వచ్చాడు. వదిన ఆ పూట అన్నం ముట్టలేదు. జుట్టు ఊడినప్పుడు కూడా అంత ఏడవలేదు ఆవిడ. తోటలో కుక్క కూడా పెట్టింది తినకుండా గేటు దగ్గరే పడుకుందట.

తర్వాతి కీమోకి తోడు వెళ్లినప్పుడు నేనే వార్డులో ఒక నర్సమ్మను అడిగాను. ఆవిడ చేతిలో పని ఆపకుండానే చెప్పింది. పెంచుకుంటున్న కుక్కను వదిలేయాల్సిన అవసరం లేదమ్మా, రేబిస్ టీకా, నట్టల మందు సమయానికి వేయించండి, మొహం నాకనివ్వకండి, పోర్ట్ (కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చేది) పెట్టిన చోట అసలు తాకనివ్వకండి, మంచం మీద పడుకోబెట్టకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమనండి, అది చేసిన గలీజు ఇంకెవరైనా తీయాలి, గోళ్లు గీరుకుంటే వెంటనే కడిగి మాకు ఫోన్ చేయండి, అంతే. కీమో అయ్యాక వారం పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో ఇంకాస్త జాగ్రత్త. పిల్లి ఉంటే దాని మలం రోగి ఎత్తకూడదు, కోళ్ల గూడు ఊడవకూడదు, ఈ కొన్నాళ్లు కొత్తగా కుక్కపిల్లల్ని తెచ్చుకోకూడదు. ఇంకో సంగతి కూడా చెప్పింది, అది మాకెవరికీ తట్టనిది. కీమో ఎక్కించిన తర్వాత దాదాపు రెండు రోజులు ఆ మందు మూత్రంలో, వాంతిలో బయటికి వస్తుందట, వాటిని శుభ్రం చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి, కుక్కను అటు రానివ్వకూడదు. మా ఊళ్లో బాత్రూం ఇంటికి దూరంగా పెరట్లో ఉంటుంది, వదిన వాంతి చేసుకునేది అరుగు పక్కన, అది తుడిచేది మా మేనకోడలు ఉత్త చేతులతో.

ఈ ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పట్టింది? టీ తాగినంత సేపు. మొదటి రోజు ఇచ్చిన ఫైల్‌లో ఇవేవీ లేవు, ఉన్న రెండు కాగితాలూ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి తేవాలి అన్న ప్రాణం మీద మాట కూడా ఆ ఇంగ్లిష్ కాగితంలోనే ఉంది. అది పదో తరగతి ఆపేసిన మా అన్నయ్య చదవాలి! రెండో రోజు టామీని వెనక్కి తెచ్చుకున్నాం, పశువుల డాక్టర్ గారితో టీకా వేయించాం.

ఇంట్లో వంట సంగతి చెప్తే వింతగా ఉంటుంది. వదినకు తాలింపు వాసన పడేది కాదు, ఆవాలు చిటపటలాడితే చాలు కడుపులో తిప్పేది. అందుకని నెలల తరబడి ఆ ఇంట్లో తాలింపే లేదు. చప్పిడి పప్పు, పెరుగన్నం. పిల్లవాడు అమ్మ నిద్రపోయాక పక్కింటికి వెళ్లి ఆవకాయ వేసుకుని తినేవాడు, ఆ వాసన పోవాలని ఇంటికొచ్చే ముందు పళ్లు తోముకునేవాడు. వాడికి ఎవరూ చెప్పలేదు అలా చేయమని. బళ్లో ఎవడో "మీ అమ్మకున్నది అంటుకుంటుందా" అన్నాడని అన్నం డబ్బా విప్పకుండా తెచ్చిన రోజూ ఉంది. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని, బయటి నుంచి రేడియేషన్ ఇచ్చిన మనిషి దగ్గర కూర్చుంటే ఏమీ కాదని పెద్దవాళ్లకే తెలియనప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల్ని ఏమంటాం. చదువుకున్న చుట్టాలే వదినకు కంచం, గ్లాసు వేరుగా పెట్టమన్నారు. (థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ ఇచ్చినప్పుడు మాత్రం కొన్ని రోజులు పిల్లలకు, గర్భిణులకు, పెంపుడు జంతువులకు దూరంగా ఉండమంటారు. అది వేరే వైద్యం, దాన్నీ దీన్నీ కలిపేసి భయపెడుతున్నారు జనం.)

కూతురికి వచ్చిన సంబంధం ఒకటి మాటల దాకా వచ్చి ఆగిపోయింది. "వాళ్ల వంశంలో ఉందట" అన్నారట మధ్యవర్తితో. క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే అని డాక్టర్లు చెప్తున్నారు, మా వదిన వైపు ఇంకెవరికీ లేదు కూడా. పోతే పోయింది, అలాంటి ఇంటికి పిల్లనివ్వకపోవడమే మంచిదని నేనన్నాను గానీ, ఆ పిల్ల ఏడాదంతా తల్లికి బట్టలుతికి, తమ్ముడికి క్యారేజీ కట్టి, పరీక్షలు తప్పి కూర్చుంది. మగపిల్లవాడి చదువు ఆగలేదు, గమనించారా. జబ్బు ఎవరికొచ్చినా ఇంట్లో ఆడపిల్లకే సెలవు పెట్టిస్తాం.

ఇక ప్రయాణాలు. తెల్లవారుజామున రైలెక్కడం, సికింద్రాబాద్‌లో దిగి ఆటో, ఓపీలో లైను, రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా కారిడార్‌లో చాప, "ఫలానా పేషెంట్ తాలూకు ఎవరూ?" అని కేక వినబడితే ఆ తాలూకు మనిషి తిన్నాడా లేదా అన్నదాంతో పనిలేకుండా పరుగు, కణాలు తక్కువున్నాయి వచ్చే వారం రండి అంటే మళ్లీ వెనక్కి. క్యాన్సర్ రోగులు వైద్యానికి వెళ్లేటప్పుడు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితమని, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ అని, దానికి ఆసుపత్రి ఫారం మీద సంతకం చేసిస్తే చాలని మాకు కీమోలు సగం అయ్యాక పక్క మంచం వాళ్లు చెప్తే తెలిసింది. అదీ ఆసుపత్రి వాళ్లు చెప్పలేదు.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు, ఆ ఒక్క ఏడాదే 200 అన్నారు. నా దృష్టిలో దీనికి మించిన సాయం లేదు. పెద్ద డాక్టర్ ఒకసారి రాసిచ్చిన కీమోను జిల్లాలోనే ఎక్కించగలిగితే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి వస్తారు, పాలు పితికే వేళకు మనిషి ఇంట్లో ఉంటుంది. బోర్డు పెట్టి రిబ్బన్ కత్తిరిస్తే సరిపోదు, మందులుండాలి, శిక్షణ ఉన్న నర్సులుండాలి, ఏయే రోజుల్లో ఎక్కిస్తారో జనానికి తెలియాలి.

డబ్బు విషయానికొస్తే, టీబీ రోగికి పోషకాహారం కోసం నెలకు 500 ఇచ్చేదాన్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. తెలంగాణలో డయాలసిస్ చేయించుకునేవారికి ఆసరా పింఛను 2,016 రూపాయలు వస్తోంది. అవి చాలవు, ఒప్పుకుంటాను, కానీ జబ్బు మనిషికి ఇల్లొకటి ఉంటుందని ప్రభుత్వానికి తెలుసని అర్థం. కీమో నడిచే ఆ కొన్ని నెలలూ కూలి పోగొట్టుకుని తోడుండే మనిషికి ఏదో ఒకటి ఎందుకివ్వకూడదు? వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు మోసుకెళ్లే భార్యలకు, పక్షవాతంతో పడిపోయిన తండ్రిని పక్క మార్చి పడుకోబెట్టే కొడుకులకు కూడా ఇదే వర్తిస్తుంది. కేరళలో 2008లోనే పాలియేటివ్ కేర్‌కు, అంటే జబ్బు మనిషి బాధను తగ్గించి ఇంటివాళ్లకు ఆసరాగా ఉండే సేవకు, ఒక విధానం పెట్టుకుని, పంచాయతీలను, వాలంటీర్లను కలుపుకుని నర్సులను ఇంటికి పంపుతున్నారు. మన దగ్గరా జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, ఇళ్లకు వెళ్లే బృందాలున్నాయి. కానీ అది చావుకు దగ్గరపడ్డ వాళ్లకే అనుకుని జనం దాని పేరెత్తరు. నొప్పికి, వాంతులకు, నిద్ర పట్టకపోవడానికి, ఇంట్లోవాళ్ల దిగులుకు కూడా వాళ్ల సాయం అడగొచ్చు, వైద్యం నడుస్తుండగానే అడగొచ్చు.

చుట్టాలకు కూడా ఒక మాట. బొప్పాయి ఆకు రసం తాగించండి, ఫలానా ఊళ్లో పసరు మందు ఇస్తారట అని చెప్పడానికి ఛార్జీలు పెట్టుకుని రాకండి. వస్తే ఒక పూట వంట చేసి పెట్టండి, పిల్లవాడి లెక్కలు చూడండి, కుక్కకు ఇంత ముద్ద వేయండి, లేదా ఆసుపత్రి దగ్గర ఒక రాత్రి ఉండి ఆ తోడున్న మనిషిని పడుకోనివ్వండి. మా ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు అలా చేశారు, వాళ్లు చుట్టాలు కూడా కారు, మిర్చి కోతకు జట్టుగా వెళ్లేవాళ్లు.

వదిన ఇప్పుడు మాత్రలతో ఉంది, చెకప్‌లకు వెళ్తోంది. గేదె మళ్లీ కొనలేదు. మేనకోడలు పోయిన పరీక్షలకు ఫీజు కట్టింది.

సంపాదకుల వారూ, మీరొక పని చేసిపెట్టండి. రెండు రాష్ట్రాల్లో ఏ జిల్లా ఆసుపత్రిలో డేకేర్ క్యాన్సర్ కేంద్రం నిజంగా నడుస్తోందో, ఏ రోజుల్లో కీమో ఎక్కిస్తున్నారో, పాలియేటివ్ బృందం ఫోన్ నంబరేంటో మీ విలేకరుల చేత కనుక్కుని జిల్లా పేజీల్లో వేయండి. పేషెంట్ తాలూకు వాళ్లు కత్తిరించి ఫైల్‌లో పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం