మలేరియా కేసుల పక్కన పరీక్షల సంఖ్య కూడా ప్రచురించండి

సంపాదకులకు,

అయ్యా,

వానాకాలం మొదలవగానే పత్రికల జిల్లా పేజీల్లో ఏజెన్సీ జ్వరాల వార్తలు మొదలవుతాయి. కిందటేడు ఈ నెలకు ఇన్ని మలేరియా కేసులు, ఈ ఏడు ఇన్ని అని రెండు అంకెలు పక్కపక్కన వేసి, తగ్గితే అధికారుల కృషి ఫలించిందనీ, పెరిగితే యంత్రాంగం నిద్రపోతోందనీ రాయడం రివాజైపోయింది. పాడేరు ఏజెన్సీలో మలేరియా నివారణ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న వాడిగా ఆ అంకెల విషయమై తమ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయదలిచాను. ఎంతమందికి రక్తపరీక్ష చేస్తే అన్ని కేసులు బయటపడ్డాయో చెప్పనంత కాలం, ఆ అంకె పెరిగిందన్నా తగ్గిందన్నా పాఠకుడికి తెలిసేది ఏమీ ఉండదు.

పరిసరాల పాత్ర చిన్నదని నేను అనడం లేదు. మన్యంలో మలేరియాను మోసే అనాఫిలిస్ దోమల్లో ఫ్లువియాటిలిస్ అనే రకం కొండ గెడ్డల అంచుల్లో మెల్లగా పారే తేట నీటిలో గుడ్లు పెడుతుంది. క్యులిసిఫేసిస్ అనే రకం వరిమళ్లలోనూ, వాగు నీరు తగ్గాక మిగిలే మడుగుల్లోనూ పెరుగుతుంది. రెండూ మురుగు దోమలు కావు. కనుక వీధులు ఊడ్చి, కాలువల్లో పూడిక తీసి, పారిశుద్ధ్య వారోత్సవాల ఫొటోలు ఎన్ని దిగినా ఇక్కడి మలేరియా దోమకు జరిగే నష్టం స్వల్పమే. ఇక గిరిజనుల జీవన విధానం కూడా పరిసరాల్లో భాగమే. పంట కాపలా కోసం పోడు పొలంలోని పాకలో రాత్రంతా పడుకునే మనిషికి ఇంట్లో వేలాడే దోమతెర వల్ల ప్రయోజనం లేదు. గోడల మీద మందు పిచికారీ చేసిన కొద్ది రోజులకే పండగ వచ్చి ఇల్లాలు ఎర్రమట్టితో గోడలు అలికితే మందంతా ఆ మట్టి కింద ఉండిపోతుంది. అది ఆమె తప్పు కాదు. ఊరి పండగ ఎప్పుడో అడగకుండా పిచికారీ తేదీలు ఖరారు చేసినవారిది.

అయితే దోమ ఉన్నంత మాత్రాన జబ్బు అదే స్థాయిలో పాకదు. రోగి రక్తం తాగిన దోమ ఆ మర్నాడే మరొకరికి మలేరియా అంటించలేదు. దాని ఒంట్లో పరాన్నజీవి పక్వానికి రావడానికి వానాకాలపు వేడిలో సుమారు పది పన్నెండు రోజులు పడుతుంది, లంబసింగి వైపు చలి ముదిరే రోజుల్లో ఆ గడువు ఇంకా సాగుతుంది. రోగి వైపు నుంచి చూసినా ఇటువంటి గడువే ఒకటి ఉంది. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియాలో, దోమకు సంక్రమించగల రూపంలోని పరాన్నజీవులు రోగి రక్తంలో కనిపించేది జ్వరం మొదలైన వారం పది రోజులకు గాని కాదు. ఆ లోపల ఆశా కార్యకర్త దగ్గర అక్కడికక్కడే ఫలితం చెప్పే ర్యాపిడ్ కిట్ ఉండి, పరీక్ష చేసి, ఆర్టిమిసినిన్ కలిసిన మందుతో పాటు నిర్ణీత మోతాదులో ఒక్కసారి ప్రైమాక్విన్ ఇవ్వగలిగితే రోగి బతకడమే కాక, అతని నుంచి దోమకు చేరే జబ్బు కూడా చాలా వరకు ఆగిపోతుంది. కిట్లు అయిపోయి, లేదా గెడ్డ పొంగి దారి తెగి, పదో రోజున డోలీ మీద ఆసుపత్రికి చేరిన రోగి అప్పటికే తన ఊరి దోమలకు జబ్బు పంచి ఉంటాడు. ఇలా పరీక్ష సకాలంలో అందిన ఊరికీ, అందని ఊరికీ ఒకే గెడ్డ, ఒకే దోమ ఉండవచ్చు. సీజను ముగిసేసరికి ఒక ఊళ్లో రెండు మూడు కేసులు, మరో ఊళ్లో ఇంటింటా మంచాలు కనిపించడానికి కారణం ఈ పది రోజులే.

వైవాక్స్ రకానిది మరో పేచీ. ఆ పరాన్నజీవి కాలేయంలో నిద్రాణంగా దాగి ఉండి నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది కాబట్టి, గర్భిణులు, పసిపిల్లలు, జి6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారు వంటి కొందరికి తప్ప, పద్నాలుగు రోజుల పాటు ప్రైమాక్విన్ మింగించాలి. మూడో రోజుకే జ్వరం తగ్గి పొలానికి పోయే మనిషి చేత మిగతా పదకొండు రోజులూ మాత్రలు మింగించడం ఎవరైనా రోజూ ఇంటికి వెళ్లి అడిగితేనే సాధ్యం. అలా అడగని చోట అదే మనిషికి మళ్లీ జ్వరం వస్తే అది కొత్త కేసుగా నమోదవుతుంది, నెపం దోమల మీదికి పోతుంది.

ఇక లెక్కల విషయానికి వస్తాను. మలేరియా సీమల్లో ఏడాదికి కనీసం జనాభాలో 10 శాతం మందికి సమానంగా రక్తపరీక్షలు చేయాలన్నది చాలాకాలంగా ఉన్న ప్రమాణం. ఉదాహరణకు చెరో 20 వేల జనాభా ఉన్న రెండు పీహెచ్‌సీలను ఊహించుకుందాం. ఒకటి 3 వేల మందిని పరీక్షించి 30 కేసులు పట్టుకుంది. రెండోది 200 మందిని పరీక్షించి 10 కేసులు చూపింది. పత్రికలో మొదటిదానికి అక్షింతలు పడతాయి, రెండోదానికి మెప్పు దక్కుతుంది. నిజానికి మొదటిచోట పరీక్షించిన వందమందిలో ఒకరికి, రెండోచోట ఐదుగురికి మలేరియా ఉంది, పైగా అక్కడ పరీక్షకే నోచుకోని వారు ఎందరో ఎవరికీ తెలియదు. సంతకు వెళ్లిన రోజున ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షనో సెలైనో పెట్టించుకుని తిరిగివచ్చే జ్వరపీడితుడు ఏ రిజిస్టరులోనూ కనిపించడు. దేశం మొత్తం మీద కూడా 2019లో సుమారు 3.38 లక్షలుగా నమోదైన మలేరియా కేసులు కోవిడ్ ఏడాది 2020లో 1.86 లక్షలకు పడిపోయాయి. ఆ ఏడాది మలేరియా పరీక్షలు కూడా బాగా తగ్గాయి. ఆ తగ్గుదలలో జబ్బు వాటా ఎంత, పరీక్షల వాటా ఎంత అన్నది పరీక్షల సంఖ్యను పక్కన పెట్టుకుని అడగవలసిన ప్రశ్న.

తక్కువ అంకెను నమ్మి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. 1947 నాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం చేపట్టాక 1965 నాటికి కేసులు లక్షకు దిగివచ్చాయి. ఆ తర్వాత నిఘా సడలింది, దోమల మందు డీడీటీ సరఫరా దెబ్బతింది, దోమలు దానికి లొంగకుండా పోయాయి, జ్వరపీడితులను వెతికి పట్టుకోవలసిన గ్రామస్థాయి వైద్య వ్యవస్థ చాలాచోట్ల లేనే లేదు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. ఆ పదకొండేళ్లలో మన కొండలూ వానలూ ఏమంత మారలేదు.

మన పక్కనే ఉన్న ఒడిశాది ఇందుకు భిన్నమైన అనుభవం. కొరాపుట్, మల్కన్‌గిరి అడవులకూ మన మన్యానికీ మధ్య ఉన్నది కాగితం మీది గీత మాత్రమే. అక్కడ 2017లో కోటికి పైగా మందు పట్టించిన దోమతెరలు పంచారు. దమన్ అనే కార్యక్రమం కింద మారుమూల ఊళ్లలో శిబిరాలు పెట్టి, జ్వరం ఉన్నవారినే కాక లేనివారిని కూడా పరీక్షించారు. ఏళ్ల తరబడి మలేరియాతో బతికిన చోట చాలామంది జ్వరం లేకుండానే పరాన్నజీవిని మోస్తుంటారు గనుక, ఇలా వెతికితే మొదట్లో కేసులు పెరిగినట్టే కనిపిస్తాయి. 2016లో 4 లక్షలు దాటిన ఆ రాష్ట్రపు కేసులు 2019కి 40 వేల లోపుకు వచ్చాయి.

పట్టణాల డెంగీ సంగతి ఇంత వివరంగా రాయను గాని, అక్కడా ఇదే తంతు. ప్రైవేటు ఆసుపత్రులు ర్యాపిడ్ కార్డుతో తేల్చినవాటిని ప్రభుత్వం అనుమానిత కేసులంటుంది, ఎలీసా అనే ప్రయోగశాల పరీక్షలో రుజువైనవే లెక్కలోకి తీసుకుంటుంది. ఎవరి అంకె వారు చెబుతుంటే పత్రికలు తమకు దొరికినది వేస్తాయి. ఏ పరీక్ష, ఎంతమందికి అన్న రెండు వివరాలు చేరిస్తే ఆ వివాదం చాలావరకు సమసిపోతుంది.

దేశం 2027 నాటికి స్థానికంగా ఒక్క మలేరియా కేసూ లేని స్థితికి చేరి, 2030కి నిర్మూలన సాధించాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం దగ్గరపడే కొద్దీ కేసులు తక్కువ చూపమనే ఒత్తిడి కింది ఉద్యోగి మీద పెరుగుతుంది. ఎక్కువ పరీక్షలు చేసి ఎక్కువ కేసులు పట్టుకున్న ఆశా కార్యకర్త మెమోకు భయపడే పరిస్థితి రాకూడదు. కనుక జూన్ నుంచి నవంబరు వరకు వారానికి ఒకసారి, ఏజెన్సీలోని ప్రతి పీహెచ్‌సీకి ఒక వరుస చొప్పున, జనాభా, చేసిన రక్తపరీక్షలు, వాటిలో ఫాల్సిపారం ఎన్ని, వైవాక్స్ ఎన్ని, జ్వరం మొదలైన ఎన్నో రోజున పరీక్ష జరిగింది, కిట్ల నిల్వ ఎంత అన్న వివరాలు ఆరోగ్య శాఖ విడుదల చేయాలని, తమ పత్రిక వాటిని ప్రచురించాలని కోరుతున్నాను. పరీక్షల, కేసుల సంఖ్యలు పీహెచ్‌సీలు పై కార్యాలయానికి పంపే నివేదికల్లో ఇప్పటికే ఉన్నాయి. తక్కినవి సబ్‌సెంటరు రిజిస్టర్లలో దొరుకుతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య ఉద్యోగి,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా