పేరు చెప్పకుండా వెళ్లిపోయిన మీకు, కృతజ్ఞతలతో

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు నలోక్సోన్ (హెరాయిన్, ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ మత్తుమందుల మోతాదు మించినప్పుడు ప్రాణం నిలిపే మందు) వాడకాన్ని తెలుగులోనే నేర్పిన మీకు మా అందరి నమస్కారాలు. 2023 నుంచి అక్కడ 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రే డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. దొరికినంత మాత్రాన వాడటం వచ్చేస్తుందా?

మోతాదు మించిందనడానికి గుర్తులు: పెదాలు నీలంగా మారడం, కంటిపాప సూదిమొనంత కావడం, గొంతులో గురగుర. ఆ గురక విని "నిద్రపోతున్నాడులే" అనుకోవడమే ప్రాణం తీస్తుందని రెండుసార్లు చెప్పారు. పిడికిలి కణుపులతో రొమ్ము ఎముకపై గట్టిగా రుద్దినా కదలకపోతే వెంటనే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టాలి. పనిచేస్తుందో లేదోనని ముందే నొక్కి చూస్తే ఆ స్ప్రేలో ఉన్న ఒక్క డోసూ గాలిపాలే. ఊపిరి ఆడకపోతే 5 సెకన్లకొకసారి నోటితో ఊదాలి. 2, 3 నిమిషాల్లో తేరుకోకపోతే రెండో స్ప్రే, రెండో రంధ్రంలో. మజ్జిగ, నిమ్మరసం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి (మనవాళ్లు ముందు చేసేది అదేగా!). లేచి కూర్చున్నా ఒంటరిగా వదలకూడదు, నలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే.

మత్తుమందు కొన్నాళ్లు మానేసినవాళ్ల ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదనీ, బ్యుప్రెనార్ఫిన్‌ను (ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మందు) సొంతంగా ఆపేయకూడదనీ ఓపిగ్గా విడమరిచి చెప్పినందుకు మీకు మరీ రుణపడి ఉన్నాం.